సొంతమాటల్లో రాస్తే మార్కులెందుకు పోతున్నాయి?

పదో తరగతి తెలుగు పరీక్షలో ఏటా కనిపించే మాట ఒకటుంది: "సొంతమాటల్లో రాయండి." పాఠంలో ఉన్నది మక్కీకి మక్కీ దించకుండా, పిల్లలు తమకు అర్థమైంది తమ తీరులో చెప్పాలని దాని ఉద్దేశం. నేను తెలుగు టీచర్ని. నా తరగతిలోనూ ఆ మాట రోజూ వాడుతుంటాను. ఈసారి స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక జవాబు పత్రం చూసినప్పటి నుంచి మాత్రం, ఆ మాట మనం మనస్ఫూర్తిగా అంటున్నామా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

మీ ఊళ్ళో పండుగ ఎలా జరుపుకుంటారో మిత్రునికి లేఖ రాయమన్న ప్రశ్న అది. పక్కన దిద్దుతున్న మేడమ్ ఆ పేపరు నా చేతికిచ్చి "దీనికి ఎన్ని వేద్దామంటారు?" అని అడిగింది. రాసింది అమ్మాయో అబ్బాయో తెలియదు, ఏ ఊరో తెలియదు. పేపరు మీద కోడ్ నంబరే ఉంటుంది. పిల్ల అనే అనుకుందాం. బతుకమ్మ గురించి రాసింది. గునుగు పూల కాడలు ఒక్క తీరుగా కోసి, కట్టలు కట్టి, కొసలను రంగు నీళ్ళల్ల ముంచి ఆరబెడ్తరని రాసింది. సిబ్బిలో గుమ్మడాకు పరిచి, అంచున తంగేడు పెట్టి, దాని మీద వరుసకో రంగు గునుగు పేర్చాలని రాసింది. నడుమ ఖాళీలో ఆకులు, తుంచిన కాడలు గట్టిగా కూరకపోతే ఎత్తుకొని పోయేటప్పుడు బతుకమ్మ ఒక దిక్కు కూలిపోతదట. "మా అమ్మమ్మ పేరిస్తే చెరువు కాడ దించెదాంక ఒక్క పువ్వు జారదు" అని రాసింది. సద్దులనాడు మలీద ముద్దలు చేస్తరట, ఆట అయిపోయినంక అందరు ఒక్కకాడ కూసోని పంచుకుంటరట.

అంత దగ్గరగా చూసి రాసిన జవాబు ఆ కట్ట మొత్తంలో ఇంకొకటి లేదు. మిగతా లేఖలు చాలావరకు ఒకటే గైడు నుంచి వచ్చినవి. బతుకమ్మ మన సంస్కృతీ సంప్రదాయాలకు ప్రతీక, ప్రకృతిని ఆరాధించే గొప్ప పండుగ, అని మొదలై అలాగే ముగుస్తాయి. వాటికి పూర్తి మార్కులు పడుతున్నాయి. ఈ పేపర్లో మాత్రం ఆరబెడ్తరు, కూలిపోతది, కూసోని, చేస్తరు అన్న చోటల్లా ఎర్ర గీత పడింది. చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చదివి, "బాగ రాసింది మేడమ్, గాని యాసల రాస్తె ఎట్ల? పరీక్ష గద ఇది" అన్నారు. ఆయన జాగ్రత్తగా, న్యాయంగా దిద్దే మనిషి. ఆ పిల్ల ఏ భాషలో రాసిందో ఆ భాషలోనే ఆయన ఆ మాట అన్నారు. ఒక మార్కు తగ్గింది.

ఒక్క మార్కుకు ఇంత రాద్ధాంతమా అనుకోవచ్చు. ఆ పిల్ల ఫెయిలేమీ కాలేదు. కానీ ఆ మార్కు ఎందుకు పోయిందో వెతుక్కుంటూ పోతే చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది. నాకు తేలింది ఇది: యాసను ముద్దు చేయడం మనం నేర్చుకున్నాం, నమ్మడం ఇంకా నేర్చుకోలేదు. పాటలో, సినిమాలో, సభలో దానికిప్పుడు పెద్దపీట. మార్కులో, ఉద్యోగమో, భూమో, ఆరోగ్యమో తేలాల్సిన చోట మాత్రం దాన్ని గడప బయటే నిలబెడుతున్నాం.

శిష్టులు ఎవరు?

గిడుగు, గురజాడ, ఏట్స్ దొర, శ్రీనివాస అయ్యంగార్లు వాడుక భాషలోనే రాయాలని 1906 ప్రాంతంలో మొదలుపెట్టిన వాదం, గ్రాంథికమే ఉండాలన్న జయంతి రామయ్య పంతులు పక్షం వారి 1911 నాటి ఆంధ్ర సాహిత్య పరిషత్తు, 1919లో గిడుగు నడిపిన 'తెలుగు' పత్రిక, ఇవన్నీ మనం చదువుకున్నవే. ఇవాళ నేను "వచ్చెను, పోయెను" అని రాయకుండా ఈ వ్యాసం రాసుకోగలుగుతున్నానంటే అది గిడుగువారి చలవే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం న్యాయం.

అయితే ఆ పోరాటంలో చివరికి గెలిచింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్న పెద్దమనుషులు మాట్లాడుకునే తీరు. ఆ రోజుల్లో చదువు ఎవరికి దక్కిందో చూస్తే శిష్టులంటే ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. నీళ్ళతో పంటలు, పంటలతో డబ్బు, డబ్బుతో బళ్ళు, కాలేజీలు, అచ్చాఫీసులు, పత్రికలు వచ్చాయి. కృష్ణా గోదావరి డెల్టాలో చదువుకున్న అగ్రకులాల ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు అచ్చులోకి ఎక్కింది, అచ్చులో ఉన్నదే అసలు తెలుగు అయింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. కాలువ ఎటు పారితే భాష అటు పారింది.

కాళోజీ దీన్నే రెండున్నర జిల్లాల భాష అని దెప్పిపొడిచారు. ఆ మాట తెలంగాణలో అందరికీ కంఠతా వచ్చు. కానీ దాన్ని తెలంగాణ వర్సెస్ ఆంధ్రగా మాత్రమే చదవడం నాకు సరిపోదు. ఆ రెండున్నర జిల్లాల్లోనైనా అందరి భాషా అచ్చులోకి వచ్చిందా? గుంటూరు జిల్లాలో మిరపకాయలు కోసే కూలీ మాట ఏ వాచకంలో ఉంది? శ్రీకాకుళం మనిషి "ఏటి సేత్తన్నావు" అంటే నవ్వని తరగతి గది ఎక్కడుంది? రాయలసీమ మాటను సినిమాలు కొన్నేళ్ళ పాటు వేటకొడవలికీ నాటుబాంబుకీ కట్టేశాయి. నా పేపర్లోని పిల్లకు పడిన ఎర్ర గీత, అక్కడి పిల్లలకు అంతకు ముందు నుంచే పడుతోంది.

గిడుగును తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. పర్లాకిమిడిలో ఉండగా సవరల మాట నేర్చుకుని, వాళ్ళ పాటలూ కథలూ వాళ్ళ నోటి నుంచే రాసుకుని, తెలుగు లిపిలో సవర వాచకాలు తయారుచేసి, చేతి డబ్బు పెట్టి వాళ్ళ పిల్లలకు బడి నడిపిన మనిషి ఆయన. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. కొండ మీది మనిషి నోట్లోని ప్రతి ధ్వనికీ విలువ ఉందని నమ్మిన ఆ గిడుగును మనం పక్కన పెట్టి, శిష్ట వ్యావహారికం గిడుగును మాత్రమే వాచకంలోకి తెచ్చుకున్నాం. నా బాధ అది.

వ్యాకరణం వైపు నుంచి చూసినా ఎర్ర గీతకు ఆధారం దొరకదు. "వచ్చినాడు" అన్న పాత రూపం రాయలసీమలో ఇప్పటికీ నిండుగా వినిపిస్తుంది. కోస్తాలో అది అరిగి "వచ్చాడు" అయింది. తెలంగాణలో ఇంకో వైపు అరిగి "వచ్చిండు" అయింది. రెండూ అరిగినవే. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని చెప్పే వ్యాకరణ సూత్రం ఏదీ లేదు.

అవతలి వాళ్ళ పరీక్షలో నెగ్గడం

తెలంగాణ కథకు ఇంకో మడత ఉంది. ఇక్కడ తెలుగు ముందు ఉర్దూ కింద నలిగింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని హాల్లో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఈ మూడూ పాఠాలుగా చెప్తుంటాను, చెప్పేటప్పుడు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

కానీ ఒక్క విషయం గమనించాలి. ఆ సంచికలోవి పద్యాలు, ఛందస్సు, వ్యాకరణం అన్నీ పకడ్బందీగా ఉన్నవి. మాకూ మీ భాష వచ్చునని రుజువు చేయడం అది. అవతలివాళ్ళు పెట్టిన పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకోవడం అది. ఆ కాలానికి అదే చేయాలి, వేరే దారి లేదు. ఆ అలవాటు మాత్రం మనతో ఉండిపోయింది. ఇప్పుడు పరీక్ష పెట్టేది మనమే, దిద్దేది మనమే. అయినా కొలత మారలేదు.

1956లో రాష్ట్రం కలిశాక ఆ కొలత ఇంకా గట్టిపడింది. మా బాపు అరవైలలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. చేరిన కొత్తల్లో ఫైలు మీద తెలుగులో నోట్ రాస్తే పై అధికారి చదివి, "ఇదేం తెలుగయ్యా" అని గదిలో ఉన్నవాళ్ళకు చూపించి నవ్వాడట. కొట్టలేదు, తిట్టలేదు, మెమో ఇవ్వలేదు. బాపు ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నోట్లన్నీ ఇంగ్లీషులోనే రాశాడు. ఆయన ఇంగ్లీషు గొప్పదేమీ కాదు. "ఇంగ్లీషు తప్పు రాస్తె ఎవ్వడు నవ్వడు బిడ్డా, అందరు తప్పే రాస్తరు" అనేవాడు. పిల్లలు తెలుగు వదిలేస్తున్నారని బాధపడేవాళ్ళు ఈ మాట ఒకసారి ఆలోచించాలి. మాతృభాష నుంచి ఇంగ్లీషుకు పారిపోయినవాళ్ళలో కొందరినైనా తరిమింది మాతృభాషే.

నవ్వించడానికి ఒకటి, నమ్మించడానికి ఒకటి

2014 తర్వాత పరిస్థితి మారలేదని అంటే అబద్ధమాడినట్టే. కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవం అయింది. తొమ్మిది, పది తరగతుల తెలుగు వాచకానికి 'సింగిడి' అని పేరు పెట్టారు. చిన్నప్పుడు వానొచ్చి వెలిసినాక మేం ఆకాశంలో చూపించుకున్న మాట పుస్తకం అట్ట మీద చూసినరోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. బస్తీల్లో ప్రభుత్వం తెరిచిన ఆసుపత్రుల బోర్డు మీద 'దవాఖానా' అని రాశారు. రౌడీకీ పనిమనిషికీ మాత్రమే ఇచ్చిన మాట ఇప్పుడు సినిమాలో కథానాయిక మాట్లాడుతోంది, జనం కన్నీళ్ళు పెట్టుకుని చూస్తున్నారు.

అయినా టీవీలో వార్తలు చూడండి. చాలా చానళ్ళలో రాత్రి పూట యాసలో ఒక కార్యక్రమం వస్తుంది. నాయకుల మీద సెటైర్లు, ఊళ్ళో వింతలు, సామెతలు, పాటలు. మా ఇంట్లో అందరం కూర్చుని చూస్తాం. అదే చానల్లో బడ్జెట్ గురించో ఎన్నికల ఫలితాల గురించో చెప్పాల్సి వస్తే మెయిన్ బులెటిన్, మెయిన్ బులెటిన్ భాష. నవ్వు రావాల్సిన చోట ఒక తెలుగు, నమ్మకం కావాల్సిన చోట ఇంకో తెలుగు. బడ్జెట్ లెక్కలు యాసలో చెప్తే అర్థం కావని ఎవరూ అనరు, ఇంకా బాగా అర్థమవుతాయి. సీరియస్‌గా ఉండదంటారు. ఎందుకు ఉండదు? మొదటి నుంచీ నవ్వులకే వాడాం కాబట్టి. నవ్వులకే ఎందుకు వాడాం? సీరియస్‌గా ఉండదు కాబట్టి. ఈ చక్రంలోంచి బయటపడాలంటే ఎవరో ఒకరు తెగించి ఒకరోజు మార్కెట్ ధరలూ కోర్టు తీర్పులూ ఆ భాషలో చదవాలి.

కథల్లోనూ చాలాకాలం ఇంతే. మాటలు మాండలికంలో, కథనం శిష్ట భాషలో. పాత్ర మాట్లాడినంతసేపూ ఊరి మనిషి, రచయిత నోరు తెరిస్తే పట్నం మనిషి. ఆ కొటేషన్ గుర్తులు దాటుకుని కథ మొత్తాన్ని తమ ఊరి మాటలో చెప్పిన రచయితలు చిత్తూరు నుంచీ తెలంగాణ నుంచీ వచ్చారు. వాళ్ళ కథలు అర్థం కాలేదని పుస్తకం మూసిన పాఠకుణ్ణి నేను చూడలేదు. రెండు పేజీలు చదివేసరికి చెవి అలవాటు పడుతుంది.

అర్జీలో మిగలనిది

నాకు బాగా గుర్తుండిపోయిన దృశ్యం ఒకటి కలెక్టరేట్ బయట చూశాను. సోమవారం ప్రజావాణి, జనం అధికారులకు అర్జీలు ఇచ్చుకునే రోజు. గేటు పక్కన చెట్టు కింద కుర్చీ వేసుకుని ఒకాయన అర్జీలు రాసిస్తున్నాడు. ఒక ముసలామె తన భూమి సంగతి చెప్తోంది. ఆ చెలక తన మామ కొన్నదని, ఉత్తరం దిక్కు హద్దు ఇప్పచెట్టని, ఆ చెట్టు కొట్టేసి ఒడ్డు జరిపినప్పుడు తను చేతికొడవలితో గడ్డి కోస్తున్నదని, అప్పుడు అక్కడ ఇంకెవరెవరు ఉన్నారో, ఆ ఏడు ఆముదాలు వేశారా జొన్నలు వేశారా, అన్నీ వరుసగా చెప్పింది. ఆయన రాసింది మూడు నాలుగు వాక్యాలు. "నా యొక్క భూమిని ఇతరులు అక్రమంగా ఆక్రమించుకొని ఉన్నారు. కావున తమరు దయతలచి న్యాయం చేయగలరని ప్రార్థన." ఆమెకు చదివి వినిపించాడు. ఆమె ఏమీ అనకుండా తలూపి వేలిముద్ర వేసింది.

ఆ రోజు లోపలికి వెళ్ళిన అర్జీలన్నీ ఇంచుమించు ఇలాగే ఉండి ఉంటాయి. ఇప్పచెట్టు పోయింది, ఎవరు చూశారో పోయింది, ఆముదాలో జొన్నలో పోయింది. సాక్ష్యంగా పనికొచ్చేవి ఏవో అవే పోయాయి. మర్యాద భాష అనుకుని రాసింది ఆమె చేతిలో ఉన్న ఆధారాలను ఊడబెరికింది. రాసినాయన తప్పు కూడా కాదిది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తే తీసుకోరని ఆయన నమ్మకం, తీసుకున్న అనుభవం ఆయనకు లేదు. మరణ వాంగ్మూలమైతే మాత్రం చెప్పినవాళ్ళ మాటల్లోనే వీలైనంతవరకు రాయాలని అంటారు, ఎందుకంటే ఆ మాటల్లోనే నిజం ఉంటుందని. బతికున్న మనిషి మాటకు అదే విలువ ఇవ్వడానికి ఏం అడ్డం?

మా అమ్మతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఇదే ఇంకో రకంగా చూశాను. "పిక్కలు గుంజుతయ్, పొద్దుగూకితె తీపులు దీస్తయ్, అరికాళ్ళల్ల మంటలు లేస్తయ్, తెల్లారగట్ల మొద్దువారుతయ్" అని అమ్మ చెప్పింది. నాలుగు వేరువేరు బాధలు, నాలుగు వేరువేరు వేళలు. ఆ డాక్టరమ్మ ఓపికగానే విన్నది. చీటీలో రాసింది ఒకటే, కాళ్ళ నొప్పులని. నేను మళ్ళీ విడమరిచి చెప్పాక అరికాళ్ళ మంటల గురించి విడిగా అడిగి, షుగర్ పరీక్ష రాసింది. మందుల పేర్లన్నీ నేర్పే చదువులో, ఏ జిల్లాలో నొప్పిని ఏమంటారో ఒక వారం పాటైనా నేర్పితే ఎంత మేలు! భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లోనే వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు, ఊరూరూ తిరిగి ఏ జిల్లాలో ఏ పనిముట్టును ఏమంటారో ఎక్కించిన పని అది. రోగాలకూ నొప్పులకూ అలాంటిది ఒకటి ఉంటే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం టేబుల్ మీద పెట్టుకోవచ్చు.

నాకున్న సందేహాలు

ఇంత నమ్మకంగా రాస్తున్నా, నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది నా స్టాఫ్‌రూమ్‌లోనే వచ్చింది. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే తెలుగు ముక్కలు కాదా అని. ఆదిలాబాద్ పిల్ల రాసింది అనంతపురం పిల్లకు అర్థం కావాలి కదా అని. న్యాయమైన భయమే. అందుకే అందరికీ తెలిసిన ఒక రాత భాష ఉండాలనే నేనూ అంటాను. పిల్లలకు దాన్ని నేర్పుతాను, ఈ వ్యాసమూ అందులోనే రాస్తున్నాను. నీ యాసలో ఎందుకు రాయలేదని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే: నా చేయి ఇందులో తిరిగింది, శ్రీకాకుళం నుంచి షికాగో దాకా అందరూ చదవాలని నా కోరిక. అందరి భాష తెలిసి ఉండాలనడం వేరు, ఇంటి భాష రాస్తే శిక్ష అనడం వేరు. నేను తీసేయమంటున్నది శిక్షను.

పైగా మనం ఇప్పటికే ఎన్నో రూపాలను పక్కపక్కన భరిస్తున్నాం. వెళ్ళు, వెళ్లు. చేయి, చెయ్యి. పళ్ళు, పండ్లు. వీటిలో ఏది రాసినా ఎవరూ మార్కు కోయరు, తెలుగు ముక్కలూ కాలేదు. ఆ జాబితాలోకి చేస్తారు, చేస్తరు కూడా చేరితే ఆకాశం విరిగి పడదు.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. ఏ తెలంగాణ? పాలమూరు మాట వేరు, ఖమ్మం మాట వేరు, మరాఠీ కలిసిన ఆదిలాబాద్ మాట వేరు. టీవీలో వినిపించే తెలంగాణ యాస ఈ మూడింటిలో ఏదీ కాదు. ప్రతి మాటకూ ముందు ఒక 'గ' తగిలించి, నాలుగు ఊతపదాలు చల్లి తయారుచేసిన మాట అది. రేపు అదే అధికారిక తెలంగాణ భాష అయి, ఆంధ్ర సరిహద్దున ఉన్న సత్తుపల్లి పిల్ల "నీది ఆంధ్ర యాస" అనిపించుకుంటే మనం సాధించిందేమిటి? ఇప్పటికే అక్కడి పిల్లలు హైదరాబాద్ హాస్టళ్ళలో ఆ మాట పడుతున్నారు. ఒకే ఊళ్ళో దొరవారి ఇంటి మాటకూ మాదిగవాడ మాటకూ ఉన్న తేడా కూడా ఈ జిల్లా లెక్కల్లో కనపడదు. అందుకే కొత్తగా ఒక ప్రామాణిక తెలంగాణ భాష తయారుచేయాలన్న ప్రతిపాదన వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఒక పెద్దన్నను దించి ఇంకో పెద్దన్నను కూర్చోబెట్టడమే అవుతుంది.

మూడోది మా బడిలో కళ్ళెదుట ఉంది. తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. వాళ్ళు తెలుగు మాట్లాడితే ఆడ, మగ క్రియలు తారుమారవుతాయి. తన యాసను ఎవరో వెక్కిరించారని సభల్లో ఆవేశంగా చెప్పే ఒక సార్, ఆ పిల్లలను అనుకరించి తరగతిని నవ్వించడం నేను విన్నాను. 2011 జనగణనలో లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవాళ్ళు దేశంలో 32 లక్షలకు పైనే. ఆ లెక్కలో వాళ్ళను హిందీ కింద కలిపేశారు. హిందీ మాట్లాడేవాళ్ళ సంఖ్య అంత పెరిగింది, లంబాడీ పేరు పెద్ద పట్టికలో కనపడకుండా పోయింది. ఆదిలాబాద్ గోండులకు ఎనభై ఏళ్ళ కిందట, కొమరం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండీలో చదువు మొదలుపెట్టించాడు. గుంజాల ఊళ్ళో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు కూడా వచ్చింది. ఫోన్‌లో గోండి అక్షరాలు రాయడానికి దారి పడింది, గోండి పిల్ల ఐదో తరగతి పరీక్ష గోండీలో రాయడానికి పడలేదు. తెలంగాణ తెలుగుకు గౌరవం కావాలని అడిగే నాకు, ఈ పిల్లల ముందు నిలబడితే నేను అడుగుతున్నది చాలా చిన్నదని తెలుస్తుంది. అయినా చిన్నదాన్ని కూడా ఇవ్వలేని బడి పెద్దదాన్ని ఇస్తుందని ఎలా నమ్మడం?

ఏం అడుగుతున్నాను

నేను అడిగేది వాల్యుయేషన్ సూచనల్లో ఒక్క వాక్యం. ఏ జిల్లాలో వాడుకలో ఉన్న క్రియారూపమైనా, పదమైనా రాస్తే భాషాదోషంగా లెక్కించకూడదని. దీనికి కమిటీలు అక్కర్లేదు, కొత్త వాచకాలు అక్కర్లేదు. వాక్యం తెగిపోతే, విషయం తప్పితే, అక్షరం తప్పితే మార్కు తీయండి. చేస్తరు అన్నందుకు తీయకండి. శ్రీకాకుళంలో, కర్నూల్లో దిద్దే టీచర్లు కూడా వాళ్ళ వాళ్ళ బోర్డులను ఇదే అడగాలి.

ఈ మాట అన్నప్పుడు మా సహోద్యోగి ఒకామె అడ్డుపడింది. "ఇక్కడ మీరు వదిలేస్తారు మేడమ్, రేపు గ్రూప్స్ రాస్తే ఎవరు వదిలేస్తారు? పిల్లల్ని అలవాటు చేసి మునగచెట్టు ఎక్కించినట్టు కాదా?" ఆమె కూతురు అప్పుడు గ్రూప్-1కి తయారవుతోంది, కాబట్టి అది ఉబుసుపోక అడిగింది కాదు. నేను ఆలోచించి చెప్పింది ఇది: గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. సిలబస్‌లో తెలంగాణ చరిత్ర ఉంది, సంస్కృతి ఉంది, పండుగలు ఉన్నాయి. ఆ అధికారి రేపు ప్రజావాణిలో కూర్చుని ఆ ముసలామె మాటలు వినాలి, ఆముదాలకూ జొన్నలకూ తేడా పట్టుకోవాలి. అలాంటి ఉద్యోగానికి పెట్టే పరీక్షలోనే ఆ భాష చెల్లకపోతే ఇంకెక్కడ చెల్లుతుంది? కాబట్టి ఈ వెసులుబాటు పదో తరగతితో పాటే అక్కడా రావాలి. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. ముందు అక్కడ రానివ్వండి, అప్పుడు నా పిల్లకు చెప్తానంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. అందుకే బోర్డుకు రాసే ఉత్తరం ప్రతిని సర్వీస్ కమిషన్‌కు కూడా పంపాలని నలుగురం తెలుగు టీచర్లం అనుకున్నాం. డ్రాఫ్ట్ నా దగ్గరే ఉంది. ఎర్ర గీతలు పడిన వాక్యాలను, ఏ పిల్లవో తెలియకుండా, ఒక్కో జిల్లా నుంచి సేకరించి దానికి జతచేయాలి. మీలో ఎవరైనా నోట్‌బుక్కులు దిద్దే టీచర్లుంటే, గీత పెట్టే ముందు ఆ వాక్యాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టండి.